టేపు మీది కూర్పు: టియో మాసెరో

మైల్స్ డేవిస్ ‘ఇన్ ఎ సైలెంట్ వే’ 1969 ఫిబ్రవరి 18న, ఒక్కరోజులో ముద్రితమైన సంగీతం. అయితే ఆనాడు వాయించిన క్రమంలో అది శ్రోతలకు చేరలేదు. మొదటివైపున్న ‘ష్/పీస్‌ఫుల్’ ఆరంభంలోని సుమారు ఆరు నిమిషాలే దాని చివర మళ్ళీ వినిపిస్తాయి. రెండోవైపూ అంతే. వాద్యకారులు ఆ భాగాలను తిరిగి వాయించలేదు; టేపు నకలునే అతికించారు. ఆ కూర్పు వెనుక ఉన్న నిర్మాత టియో మాసెరో (1925-2008).

గ్లెన్స్ ఫాల్స్‌లో పుట్టిన మాసెరో మొదట టెనర్ సాక్సోఫోన్ వాద్యకారుడు. జూలియార్డ్‌లో చదివాడు, చార్లెస్ మింగస్ బృందంలో వాయించాడు. 1957లో కొలంబియా సంస్థలో ఎడిటర్‌గా చేరి, త్వరలోనే నిర్మాత అయ్యాడు. డేవ్ బ్రూబెక్ ‘టైమ్ అవుట్’ (1959) ఆయన నిర్మాణమే. అందులోని ‘టేక్ ఫైవ్’ నడక ఐదు మాత్రలది. ఖండచాపు ఎరిగిన చెవికి ఇది వింత కాదు గాని, ఆనాటి జాజ్ శ్రోతలకు కొత్త.

డేవిస్‌తో పొత్తు సాఫీగా సాగలేదు. ‘క్వైట్ నైట్స్’ను అసంపూర్ణంగా విడుదల చేశాడన్న కోపంతో డేవిస్ కొన్నేళ్ళు ఆయనను దూరం పెట్టాడు. మళ్ళీ కలిశాక వచ్చినదే ‘బిచెస్ బ్రూ’ (1970). మూడు రోజుల వాదనం నుండి ముక్కలు ఏరి, బ్లేడుతో కోసి, కొన్నింటిని పదేపదే అతికించి తయారైన రికార్డు అది. ఇరవై నిమిషాల ‘ఫారోస్ డ్యాన్స్’లోనే దాదాపు 19 అతుకులున్నాయి.

అప్పటికప్పుడు పుట్టిన మనోధర్మాన్ని కోసి కుట్టాక అది ఎవరి సంగీతం? కచేరీలో పల్లవి తిరిగి వచ్చినప్పుడు గాయకుడు సంగతి మారుస్తాడు. ఇక్కడ తిరిగి వచ్చేది అణువంతైనా మారని ధ్వని. అయినా మధ్యలో విన్నదాని వల్ల అది వేరుగా తోస్తుంది. ఎక్కడ ఊపిరి తీసుకోవాలో తెలిసిన వాద్యకారుడి చెవి అతుకులను నిర్ణయించిందనడం అతిశయోక్తి కాదు. అట్టమీద మాత్రం ఆయనకు దక్కిన పేరు నిర్మాత. స్వరకర్తలుగా ఉన్నవి డేవిస్, జావినుల్ పేర్లే.

మాసెరో 1975లో కొలంబియాను వీడాడు. దశాబ్దాల తర్వాత ఆ సంస్థ పాత టేపులను వెలికితీసి, వదిలేసిన భాగాలతో సహా పెట్టెలుగా అమ్మసాగింది. ఆయన దీన్ని బాహాటంగా నిరసించాడు. ఆయన అభ్యంతరంలో న్యాయముంది, కానీ చరిత్రకారుడికి ఆ పెట్టెలే ఆధారం. 2001లో వెలువడిన కోతలు లేని ‘ష్/పీస్‌ఫుల్’లో, 1969 నాటి రికార్డులో ఎక్కడా వినిపించని ఒక స్వరరచన ఉంది. మాసెరో కోసి తీసేసినది దాన్నే.