మానవ అక్రమ రవాణా: బాధితుల విముక్తిలో రాష్ట్రాల పాత్ర

మనుషుల క్రయవిక్రయాలను, వెట్టిచాకిరీని రాజ్యాంగంలోని 23వ అధికరణం నిషేధించింది. 2024 జులై 1న అమలులోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలోని 143వ సెక్షన్ అక్రమ రవాణాకు 7 నుంచి 10 ఏళ్ల కఠిన కారాగార శిక్ష నిర్దేశిస్తోంది. బాధితులు బాలలైతే శిక్ష 10 ఏళ్లకు తగ్గదు, యావజ్జీవం వరకూ ఉండవచ్చు. బలవంతంగా భిక్షాటన చేయించడాన్ని కూడా దోపిడీ నిర్వచనంలో చేర్చారు. బాధితుల సమ్మతి ఉందన్న వాదన చెల్లదు. ఈ నిబంధన ఎంతో కీలకమైనది. పని దొరుకుతుందన్న ఆశతో తమంతట తామే రైలెక్కేవారు అనేకులు.

ఒడిశాలోని బలంగీర్, నువాపడా జిల్లాల నుంచి తెలంగాణ ఇటుక బట్టీలకు ఏటా వానలు వెలిశాక కుటుంబాలు తరలివస్తాయి. దళారి ముందుగానే అడ్వాన్సు ఇస్తాడు. ఆ బాకీ పేరు చెప్పి వారిని కదలనివ్వకపోతే అది వలస కాదు, వెట్టి. 1976 నాటి వెట్టిచాకిరీ నిర్మూలన చట్టం అటువంటి బాకీని రద్దు చేసింది. అది వెట్టి బాకీ కాదని నిరూపించవలసిన బాధ్యత అప్పు ఇచ్చినవారిదే.

ఇటువంటి కేసుల్లో కార్మికులను విడిపించేది ఒక రాష్ట్రం, వారు తిరిగి స్థిరపడవలసింది మరో రాష్ట్రంలో. బట్టీ ఉన్న జిల్లా యంత్రాంగం విముక్తి ధ్రువపత్రం ఇవ్వకుండా రైలెక్కించి పంపితే, సొంత ఊరిలో వారు సాధారణ వలస కూలీలుగానే మిగిలిపోతారు. కేంద్ర పథకం కింద తక్షణ సాయం 30,000 రూపాయల వరకు లభిస్తుంది. పునరావాసానికి పురుషులకు లక్ష, మహిళలకు, బాలలకు 2 లక్షలు, లైంగిక దోపిడీ వంటి తీవ్ర సందర్భాల్లో 3 లక్షల రూపాయలు నిర్ణయించారు. అయితే పూర్తి మొత్తం నేర నిరూపణతో ముడిపడి ఉంది. వందల కిలోమీటర్ల దూరంలోని కోర్టుకు వచ్చి సాక్ష్యం చెప్పడం నిరుపేదకు సులభం కాదు. బాల సాక్షుల విషయంలో, సొంత జిల్లా నుంచే వీడియో ద్వారా వాంగ్మూలం నమోదు చేయాలని 2022లో సుప్రీంకోర్టు ఆదేశించింది.

పొరుగు దేశాలతోనూ ఒప్పందాలున్నాయి. 2002 నాటి సార్క్ ఒప్పందం మహిళలను, బాలలను వ్యభిచారం కోసం తరలించడానికే పరిమితం. వెట్టి దాని పరిధిలోకి రాదు. 2015లో బంగ్లాదేశ్‌తో విడిగా అవగాహన కుదిరింది.

జిల్లాల్లో మానవ అక్రమ రవాణా నిరోధక విభాగాలు, రైళ్లలో రైల్వే రక్షణ దళం నిఘా నిర్వహిస్తున్నాయి. అనుమానం కలిగితే బాలల కోసం 1098కు, మహిళల కోసం 181కి, అత్యవసర సహాయానికి 112కు ఫోన్ చేయవచ్చు.