కె.సి. కాలువ నేర్పు పాఠము

నంద్యాల నుండి ఆళ్లగడ్డ ప్రాంతపు సంఘములను దర్శింప పోవునప్పుడు మేము కె.సి. కాలువ నీటితో పచ్చబడిన పొలములను చూచి దేవుని స్తుతించుచుందుము. ఈ కాలువ ఒక వ్యాపార ప్రతిపాదన వలన పుట్టినదని మనలో అనేకులకు తెలియదు.

ధవళేశ్వరము ఆనకట్టను (1847–1852) కట్టించిన ఆర్థర్ కాటన్ దొరగారు దైవభక్తిపరులు. తుంగభద్ర నీటిని పెన్న వైపునకు త్రిప్పి, పైరులకు పారించుచు పడవలను నడిపింపవచ్చునని వారు వాదించిరి. వారి చేతనున్న సాక్ష్యము గోదావరియే. లాభము కన్నులయెదుట కనబడుచుండగా కాదనువారెవరు? 1858లో లండనులో మద్రాసు ఇరిగేషన్ కంపెనీ ఏర్పడెను. 10 లక్షల పౌనుల పెట్టుబడిపై నూటికి 5 చొప్పున వడ్డీకి ప్రభుత్వము పూచీపడెను. సుంకేశుల యొద్ద ఆనకట్ట కట్టి, కడప వరకు సుమారు 190 మైళ్ల కాలువ త్రవ్విరి.

అయితే రైతు ముందుకు రాలేదు. కుందూ లోయలోని నల్లరేగడి వాననీటితోనే జొన్నను, ప్రత్తిని పండించుచుండెను. కాలువనీరు కావలెనన్న చేను చదును చేయవలెను, గట్లు వేయవలెను, నీటితీరువ చెల్లింపవలెను. గోదావరి లంకెలకు సరిపడిన లెక్క మన రేగడికి సరిపడలేదు. 1876–78 నాటి ఘోర కరవులో రైతులు ఆ నీటిని ఆశ్రయించిరి గాని కంపెనీ నిలువలేకపోయెను. 1882లో ప్రభుత్వమే కాలువను కొనెను. నేడు దాని ఆయకట్టు రమారమి 2.65 లక్షల ఎకరములు. ఆలోచన మంచిదే, అడుగవలసినవారిని ముందుగా అడుగలేదు.

నెహెమ్యాను జ్ఞాపకము చేసికొందము. రాజునకు గిన్నె అందించు అతడు ముందు ప్రార్థించెను. అర్తహషస్త అడుగగా ఎంతకాలము పట్టునో చెప్పెను. అధికారులకు తాకీదులను, మ్రానులను కోరెను. అంగీకారము దొరికెను. అయినను అంతటితో పని ఆరంభింపలేదు. యెరూషలేమునకు వచ్చి, రాత్రివేళ కూలిన గోడలను స్వయముగా చూచి, పిమ్మట ప్రజలతో మాటలాడెను. వారు సమ్మతించి పనికి లేచిరి. కంపెనీవారికి రాజముద్ర దొరికెను గాని ఈ రెండవ సమ్మతి దొరకలేదు.

ప్రియ సంఘస్థులారా, మనమును గుడికొరకో, బడికొరకో, వైద్యశాలకొరకో డయోసీసు కమిటీకి విన్నపములు వ్రాయుచుందుము. పొరుగు పాస్టరేటులో ఫలించినదని చూపి ఒప్పించుట సులభము. ఆ వసతిని వాడుకొనవలసిన పేద విధవరాలిని, కూలివానిని వారి గుమ్మమున కూర్చుండి అడిగితిమా? ఈ నూరేండ్ల పండుగలో మేము మొదట మమ్మునే ఈ ప్రశ్న వేసికొనుచున్నాము. కమిటీ సంతకమునకు ముందు ప్రజల సమ్మతిని సంపాదింతుము గాక.