కొల్లేటి సీమలో పాత తూటా సామాను

కృష్ణా, గోదావరి డెల్టాల నడుమ పల్లంలో ఏర్పడిన కొల్లేరు, బుడమేరు, తమ్మిలేరు వంటి ఏరులు తెచ్చే నీటిని నింపుకుని ఉప్పుటేరు గుండా సముద్రానికి వదిలే లోతు తక్కువ మంచినీటి సరస్సు. చలికాలంలో ఇక్కడ గుంపులుగా దిగే వలస బాతులనూ, లంకలవాళ్ళు పరజలని పిలిచే అడవి బాతులనూ పట్టడానికి స్థానికుల చేతిలో ప్రధానంగా ఉన్నవి వలలూ ఉచ్చులూ కాగా, తుపాకి మొదట దొరల వినోదంగా, తరువాత జమీందార్లు, మోతుబరి రైతుల హోదాగా ఈ నీటి సీమలోకి వచ్చింది. తుపాకి ఒకసారి కొంటే తరాల పాటు నిలుస్తుంది గాని తూటా పేలిన క్షణానే ఖర్చయిపోతుంది. కనుక వేట చరిత్రలో తుపాకి కన్న తూటా కథే క్లిష్టమైనది. వాడిన తూటాను తిరిగి నింపుకునే పనిముట్లు ఒకరి చేతి నుంచి మరొకరి చేతికి పాత సరుకుగా మారినప్పుడు తలెత్తిన చిక్కులు ఆ కథలో ఎవరూ పెద్దగా పట్టించుకోని భాగం.

నాటు తుపాకి కాలంలో ఈ చిక్కు దాదాపు లేదు. గొట్టం నోటి నుంచి మందు పోసి, కడ్డీతో దట్టించి, దానిపై సీసపు గుళ్ళు కూరి, వెనుక భాగంలో టోపీ అనే చిన్న రాగి మూత అమర్చి పేల్చే ఆ పద్ధతిలో తూటా అనే విడి వస్తువే ఉండేది కాదు. 19వ శతాబ్ది రెండో సగంలో వెనుక నుంచి తెరిచి నింపే తుపాకులు వచ్చాక, మందునూ గుళ్ళనూ ముందే ఒక గొట్టంలో అమర్చుకోవలసి వచ్చింది. కాగితపు గొట్టం కొద్దిసార్లకే చీకిపోయేది. పూర్తి ఇత్తడి గొట్టం మాత్రం పేలిన టోపీని ఊడదీసి కొత్తది బిగించి, మందు, గుళ్ళు నింపుకుంటే మళ్ళీ మళ్ళీ పనికొచ్చేది. ఈ పనికి కావలసిన చేతి పనిముట్లను, అంటే టోపీ ఊడదీసి బిగించే సాధనం, మందునూ గుళ్ళనూ కొలిచే కొలపాత్రలు, కాగితపు తూటా అంచును లోపలికి మడిచే చిన్న యంత్రం వంటి వాటిని, షెఫీల్డ్ నగరంలోని జేమ్స్ డిక్సన్ అండ్ సన్స్ వంటి సంస్థలు తయారు చేసి సామ్రాజ్యమంతటికీ పంపేవి.

అటువంటి సరుకు ఏలూరు దాకా రావడానికి దారులు అప్పటికే సిద్ధంగా ఉన్నాయి. ధవళేశ్వరం, బెజవాడ ఆనకట్టలు 1850లలో పూర్తయ్యాక తవ్విన కాలువలు ఏలూరు వద్ద కలిసి రెండు డెల్టాలను పడవ దారితో ముడివేయగా, 1893 నుంచి 1896 వరకు దశలవారీగా తెరిచిన బెజవాడ–కటక్ రైలుమార్గం తాడేపల్లిగూడెం, ఏలూరులను తీరప్రాంతపు వ్యాపార కేంద్రాలతో కలిపింది. బదిలీ అయిన లేదా ఉద్యోగం విరమించి స్వదేశానికి వెళ్ళే అధికారులు తమ ఇంటి సామానంతా వేలం వేసిపోవడం ఆంగ్లేయుల కాలంలో సర్వసాధారణం. కుర్చీలు, బల్లలు, పింగాణీ సామానుతో పాటు వేట సరంజామా కూడా ఆ వేలాల్లో చేతులు మారేది.

కొనేవాడికి మొదటి చిక్కు చట్టం నుంచే వచ్చేది. 1857 తిరుగుబాటు భయం ఇంకా తీరని పాలకులు 1878లో తెచ్చిన భారత ఆయుధాల చట్టం, మందుగుండు అనే మాటకు ఇచ్చిన నిర్వచనంలో టోపీలనూ, మందుకూ గుళ్ళకూ మధ్య పెట్టే వాడ్ అనే అట్ట బిళ్ళలనూ, చివరకు మందుగుండు తయారుచేసే యంత్రాలన్నిటినీ చేర్చింది. సీసం, గంధకం, సూరేకారం మాత్రం ఆ నిర్వచనంలోకి రావని స్పష్టంగా చెప్పి, వాటిని సైనిక సామగ్రి అనే వేరే శీర్షిక కిందికి నెట్టింది. అంటే మందు చేయడానికి కావలసిన ముడి సరుకుల కన్న, తూటాలోకి దూర్చే అట్ట బిళ్ళే చట్టం కంటికి ముందుగా కనిపించింది. ఐరోపావాళ్ళకు మినహాయింపులు ఎక్కువగా ఉన్నందున వేలంలో అమ్మే దొరకు తన పెట్టెలోని ఇత్తడి సామాను మామూలు వస్తువే కావచ్చు, దానిని కొన్న భారతీయుడికి మాత్రం అదే సామాను లైసెన్సు లేని మందుగుండుగా మారే అవకాశం ఉంది. జాతి ప్రాతిపదికపై సాగిన ఈ తేడాలను 1920 నాటి నియమాలు చాలావరకు తొలగించాయి గాని, తూటాలపై నిఘా తగ్గలేదు. 1922 ఆగస్టులో అల్లూరి సీతారామరాజు దళం చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి పోలీసు ఠాణాలపై వరుసగా మూడు రోజులు దాడి చేసి తుపాకులతో పాటు తూటాలనూ పట్టుకుపోయాక అది తగ్గుతుందని ఎవరూ అనుకోలేరు.

చట్టం కన్న పెద్ద ప్రమాదం కొలపాత్రలో దాగి ఉండేది. నల్ల మందును తూకం వేయకుండా పాత్రతో కొలిచేవారు. ఆ పాత్రపై డ్రాములు, అంటే ఔన్సులో 16వ వంతులు, గీతలుగా చెక్కి ఉండేవి. 1860లలో షుల్ట్జ్ మందుతో మొదలై పొగ తక్కువగా వచ్చే కొత్త మందులు వ్యాపించినప్పుడు, తయారీదారులలో కొందరు వేటగాళ్ళ అలవాటును గౌరవించి, పాత పాత్రతో కొలిచినా సరిపోయేలా మందును గుల్లగా తయారు చేశారు. కాని 1887లో ఆల్ఫ్రెడ్ నోబెల్ కనిపెట్టిన బాలిస్టైట్ వంటి దట్టమైన మందులు బహు కొద్ది పరిమాణంలోనే అంత శక్తినీ ఇచ్చేవి కనుక, వాటిని పాత గీత దాకా నింపితే గొట్టం పగిలి పేల్చినవాడి చేతినో కంటినో బలిగొనేది. పాత్ర మీది గీత ఏ మందుకు గీసిందో పాత్ర చెప్పదు. ముందటి యజమాని తన కొత్త మందుకు తగ్గట్టు పాత్రను అరగదీసి ఉన్నా, లోపల మైనం పోసి ఉన్నా, అది కొన్నవాడికి తెలిసే దారి లేదు. తుపాకి గొట్టానికి సైతం ఇదే వర్తిస్తుంది: ఇనుపరేకులను మెలితిప్పి అతికి చేసిన డమాస్కస్ గొట్టాలు నల్ల మందు ఒత్తిడికి తట్టుకునేవే గాని, బర్మింగ్‌హామ్, లండన్ పరీక్షాశాలలు కొత్త మందుకు తట్టుకుంటాయని ముద్ర వేయనివి నమ్మదగినవి కావు. పాత సామాను కొనడంలోని అసలు కష్టం ఇదే. అరిగిన కీలునూ వంగిన పిడినీ కంటితో పట్టుకోవచ్చు, మరొకరి కొలతను కంటితో పట్టుకోలేరు.

ఇక ఇత్తడి గొట్టాల సంగతి. ఆనాటి టోపీలలో పాదరసపు సమ్మేళనమైన మెర్క్యురీ ఫల్మినేట్ ఉండేది. అది పేలినప్పుడు విడివడే పాదరసం ఇత్తడిలో ఇంకి దాన్ని పెళుసుగా మారుస్తుంది. నల్ల మందు వాడినంత కాలం దాని దట్టమైన మసి ఆ పాదరసంలో ఎక్కువ భాగాన్ని పట్టుకుని కడిగినప్పుడు బయటికి పోయేది. కొత్త మందు మసి మిగల్చదు కనుక పాదరసమంతా గొట్టానికే అంటుకుని, పైకి తళతళలాడే ఇత్తడి తరువాతి పేలుడుకే చిట్లేది. శుభ్రమైన మందు వచ్చాక గొట్టం ఆయుష్షు తగ్గడం ఆనాటి వాడకందారులకు ఎంత వింతగా తోచి ఉంటుందో ఊహించవచ్చు.

మరొక జబ్బు పేరుపడింది భారతదేశంలోనే. వానకాలంలో గుర్రపుశాలల వద్ద నిల్వ చేసిన సైనిక తూటాల ఇత్తడి, ఎవరూ తాకకుండానే పొడవునా పగుళ్ళిస్తుండడం బ్రిటిష్ సైన్యాన్ని చాలాకాలం కలవరపెట్టింది. ఋతువును బట్టి వచ్చే పగులుగా పేరుపడిన దీనికి, గుర్రాల మూత్రం నుంచి వెలువడే అమ్మోనియా, గాలిలోని తేమ, సాగదీసి చేసిన ఇత్తడిలో మిగిలిన బిగువు కలిసి కారణమని 1921లో మూర్, బెకిన్‌సేల్, మాలిన్సన్ నిర్ధారించారు. పశువుల పాక ఇంటికి ఆనుకుని ఉండే డెల్టా పల్లెలో, చుట్టూ నీళ్ళున్న లంకలో, అటక మీద ఏళ్ళ తరబడి పడివున్న ఇత్తడి గొట్టాలకు ఈ మూడూ అమరినట్టే.

చిన్న చిక్కులూ లేకపోలేదు. పలుచని ఇత్తడి గొట్టం లోపలి వెడల్పు కాగితపు గొట్టం కన్న ఎక్కువ కనుక ఒకదాని బిళ్ళలు మరొకదానిలో వదులై మందు గుళ్ళలోకి జారేది. 12 బోరుకు చేసిన సాధనం, అంటే పౌను సీసంతో 12 సమానమైన గుండ్లు చేస్తే ఒక్కో గుండు వెడల్పెంతో అంత గొట్టమున్న తుపాకికి ఉద్దేశించినది, 16 బోరుకు పనికిరాదు. పిడి వదులైన సాధనంతో టోపీని వంకరగా నొక్కితే అది చేతిలోనే పేలవచ్చు. నాటు మందుకు మరో లోపం ఉండేది: సరిగా శుద్ధి చేయని సూరేకారంలోని ఇతర లవణాలు గాలిలోని తేమను పీల్చుకోవడం వల్ల మందు చెమ్మగిల్లేది.

స్వాతంత్య్రం తరువాత వచ్చిన 1959 ఆయుధాల చట్టం పాత నిర్వచనపు సారాన్ని నిలుపుకుంది. మందుగుండు భాగాలూ, దాన్ని తయారు చేసే యంత్రాలూ నేటికీ మందుగుండు కిందే లెక్క. తూటా కొనుక్కునేవాడికి ఖడ్కీ కర్మాగారంలో తయారయ్యే శక్తిమాన్ తూటాలు అందుబాటులోకి వచ్చి, ఇంట్లో నింపుకోవలసిన అవసరం తగ్గిపోయింది. ఆ తూటాకు కొల్లేటిలో గురి కూడా మిగలలేదు: 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం వేటను లైసెన్సులకు లోబరచగా, 1991 సవరణ ఆ లైసెన్సులనే రద్దు చేసింది, 1999లో 308 చదరపు కిలోమీటర్ల కొల్లేరు అభయారణ్యమైంది, 2002లో రాంసర్ ఒప్పందపు జాబితాలోకి ఎక్కింది. వలలతో, విషపు ఎరలతో సాగే దొంగవేట వేరే కథ.

తాతల నాటి పెట్టెలలో మిగిలిన ఇత్తడి కొలపాత్రలూ, టోపీ బిగించే సాధనాలూ ఇప్పుడు పురావస్తువులుగా బేరానికి వస్తుంటాయి. కొనేవారి దృష్టి సాధారణంగా షెఫీల్డ్ ముద్ర మీదా, ఇత్తడి మెరుపు మీదా ఉంటుంది. కాని లైసెన్సుదారు మరణంతోనో, లైసెన్సు గడువు ముగియడంతోనో ఆయుధం గాని మందుగుండు గాని చట్టబద్ధత కోల్పోతే, 1959 చట్టపు 21వ సెక్షను ప్రకారం దాన్ని ఆలస్యం చేయకుండా దగ్గరలోని పోలీసు ఠాణాలోనో, లైసెన్సున్న డీలరు వద్దనో అప్పగించవలసి ఉంటుంది.