సీమలో రేపటిని రాసినవాళ్లు

వాన నమ్మకంగా పడే చోట రేపటి గురించి పెద్దగా బెంగ ఉండదు. కర్నూలు, కడప జిల్లాలకు ఆ భోగం ఎన్నడూ లేదు. అందుకేనేమో, రాబోయే కాలం ఎలా ఉంటుందో చెప్పబూనినవాళ్లు ఈ నేల మీద వరసగా కనబడతారు. గుహలో కూర్చుని తాటాకుల మీద రాసినవాడు ఒకడు. జమాబందీ చేస్తూ ఊళ్లు తిరిగిన దొర ఒకడు. ఇంగ్లండులో వాటాలు అమ్మి ఇక్కడ కాలవ తవ్విన కంపెనీ ఒకటి. సిమ్లాలో కూర్చుని రుతుపవనాల లెక్క కట్టిన గణితజ్ఞుడు, సలహాదారుల్ని పెట్టుకుని దార్శనిక పత్రం అచ్చేయించిన ప్రభుత్వం ఆ తర్వాత వచ్చారు. వీళ్ల మాటల్లో ఏవి నిలిచాయి, ఏవి తప్పాయి అని వెతికితే, ఆకాశం దగ్గర కంటే మనుషుల దగ్గరే లెక్క ఎక్కువగా తప్పినట్టు కనబడుతుంది.

మొదటివాడు పోతులూరి వీరబ్రహ్మం, పదిహేడో శతాబ్దం మనిషి. బనగానపల్లెలో గరిమిరెడ్డి అచ్చమ్మ ఇంట పశువులు కాస్తూ, దగ్గర్లోని రవ్వలకొండ గుహలో కాలజ్ఞానం రాశాడనీ, తర్వాత కడప జిల్లా కందిమల్లాయపల్లె చేరి 1693లో జీవసమాధి అయ్యాడనీ మఠ సంప్రదాయం. రాసిన తాటాకుల్లో చాలా భాగం బనగానపల్లెలోనే పాతిపెట్టారని, ఆ చోట చింతచెట్టు ఉందని జనం చెప్పుకుంటారు. ఆయన ప్రధాన శిష్యుడు దూదేకుల సిద్ధయ్య. మాదిగ కక్కయ్యా శిష్యుడే. కాలజ్ఞానం అనే ప్రక్రియ మాత్రం ఆయనతో పుట్టింది కాదు. విద్యారణ్యుల పేరు మీద సంస్కృతంలో ఒకటుంది. కన్నడ వీరశైవుల కాలజ్ఞానాల్లో వీర వసంతరాయుడు వస్తాడన్న ఆశ ఉంది. ఆ ఆశే మన బ్రహ్మంగారి దగ్గర వీరభోగ వసంతరాయలైంది.

ఆయన బతికిన లోకాన్ని ఒక్కసారి చూడాలి. విజయనగరం 1565లోనే దెబ్బతింది. 1650లో గోల్కొండ సేనాని మీర్ జుమ్లా గండికోటను పట్టుకున్నాడు. 1652లో అక్కడికి వెళ్లిన ఫ్రెంచి వర్తకుడు టావెర్నియే, తన దేశపు పనివాడొకడు కోటలో ఫిరంగులు పోతపోసే పనిలో ఉన్న సంగతి రాసిపెట్టాడు. 1687లో ఆ గోల్కొండ కూడా మొగలాయిల పాలైంది. ఒక మనిషి ఆయుష్షులో ఇన్ని గద్దెలు మారితే, రాజులు కూలతారని, కులాల పెద్దరికం తారుమారవుతుందని చెప్పడానికి దివ్యదృష్టి అక్కర్లేదు, మామూలు చూపు చాలు. పైగా బ్రహ్మంగారు విశ్వబ్రాహ్మణుడు. కొలిమి, ఉలి, మూస, తాసు పట్టుకున్న కులంలో పుట్టినవాడు. ఎద్దులు లేకుండా నడిచే బండ్లు, నీటితో వెలిగే దీపాలు వస్తాయన్న మాటలు ఏ పండితుడి పేరు మీదో కాక ఆ కులంవాడి పేరు మీదే నిలవడం కాకతాళీయం అనిపించదు. బండి ఇరుసు చెక్కేవాడికే ఇరుసు మరోలా తిరగొచ్చన్న ఊహ వస్తుంది. అయితే ఈ మాటల్లో ఏవి ఆయనవి, ఏవి తర్వాత చేరినవి అన్నది వేరే చిక్కు. ఇప్పుడు దొరికే అచ్చు ప్రతులు ఒకదానితో ఒకటి కలవవు.

కాలజ్ఞానం ఎందుకు చావలేదో చెప్పడానికి దాని కాలపు లెక్క చాలు. జరగబోయేది ఫలానా నామ సంవత్సరంలో జరుగుతుందని ఉంటుంది. సంవత్సరాల పేర్లు అరవై. ఆనంద నామ సంవత్సరం 1974లో వచ్చి వెళ్లింది, 2034లో మళ్లీ వస్తుంది. ఆ ఏడు జరగకపోతే జోస్యం తప్పినట్టు కాదు, ఇంకో అరవై ఏళ్ల గడువు దొరికినట్టు. అడుగుకో చోట కొత్త ఇటుక పెట్టుకునే వెసులుబాటూ ఉంది. ముఖానికి రంగు పూసుకునేవాళ్లు రాజ్యమేలుతారని బ్రహ్మంగారు ఎప్పుడో చెప్పారన్న మాట 1983లో ఎన్టీఆర్ ముఖ్యమంత్రి అయ్యాక ఊరూరా తిరిగింది. ఆయనే బ్రహ్మంగారి వేషం కట్టిన సినిమా 1984లో వచ్చింది. 2020లో కరోనా రాగానే కోరంకి అనే జబ్బు గురించిన పాదాలు వాట్సాప్‌లో చుట్టుముట్టాయి. జరిగిపోయాక దొరికే జోస్యం ఎవరికి పనికొస్తుంది? పక్కనే యాగంటిలో బసవన్న ఇప్పటికీ పెరుగుతున్నాడని, ప్రదక్షిణకు అడ్డమొచ్చిందని ఒక స్తంభం తీసేశారని చూపిస్తారు. కలియుగాంతంలో ఆ బసవన్న లేచి రంకె వేస్తాడట. ఇందులో తేదీ అసలే లేదు.

తేదీ లేకుండానే నిజమైన మాట ఇంకొకటి ఉంది, దానికి కాగితం ఉంది. 1800లో నిజాం ఈ జిల్లాలను ఈస్టిండియా కంపెనీకి దత్తం చేశాక, 1807 దాకా ఇక్కడ ప్రధాన కలెక్టరుగా ఉన్నవాడు థామస్ మన్రో. రైతువారీ పద్ధతికి పునాది వేస్తూ ఊరూరా తిరిగి పొలాలు కొలిపించాడు. మద్రాసు గవర్నరయ్యాక 1824 డిసెంబరు 31న రాసిన మినిట్‌లో, ఈ దేశస్థులు ఏదో ఒకనాడు తమ ప్రభుత్వాన్ని తామే నడుపుకోగల స్థితికి వస్తారని, అప్పుడు ఇంగ్లీషువాళ్లు మెల్లగా తప్పుకోవడమే ఇద్దరికీ మేలని అర్థమొచ్చేలా రాశాడు. పెద్ద పదవుల్లోకి దేశస్థుల్ని రానివ్వకుండా వాళ్ల గుణం బాగుపడాలని కోరడం వృథా అన్నది ఆయన వాదం. కలెక్టరుగా ఊళ్లలో తిరిగి మనుషుల్ని చూసినవాడి అంచనా అది. అందుకే కాబోలు, 123 ఏళ్లకు నిజమైంది. జనానికి మాత్రం మన్రో గురించి గుర్తున్నది వేరే జోస్యం. వేంపల్లె దగ్గర పాపాఘ్ని కొండను చీల్చుకుని వచ్చే గండిలో, చావు దగ్గరపడ్డవాళ్లకు మాత్రమే కనబడే బంగారు తోరణం ఉందని, దొర దాన్ని చూశాడని కథ. 1827 జూలై 6న పత్తికొండలో కలరాతో పోయాడు.

ఇక కాలవ కథ. దీని మీద కాస్త నిలవాలి, ఎందుకంటే సీమలో రేపటి మీద డబ్బు పెట్టి పందెం కాసిన మొదటి సంగతి ఇదే. ఇంజనీరు ఆర్థర్ కాటన్ గోదావరి మీద తలపెట్టిన ధవళేశ్వరం ఆనకట్ట 1852 నాటికి పూర్తయింది. డెల్టా పచ్చబడింది, సర్కారు రాబడి పెరిగింది. అదే ఊపులో తుంగభద్రను పెన్నకు, సముద్రానికి కలిపే కాలవ పథకం వేశాడు. 1858లో మద్రాసు ఇరిగేషన్ కంపెనీ ఏర్పడింది. పది లక్షల పౌన్ల పెట్టుబడికి ఏటా 5 శాతం వడ్డీ వచ్చేలా ప్రభుత్వం పూచీ పడింది. కంపెనీ లాభపడినా నష్టపడినా వాటాదారుడికి వడ్డీ ఆగదు, కట్టేది ఇక్కడి పన్నులే. 1863 నుంచి 1870 దాకా తవ్వి సుంకేసుల నుంచి కడప వరకు 306 కిలోమీటర్ల కాలవ తెచ్చారు. అటు సేద్యం, ఇటు పడవల రవాణా, రెండు రాబడులూ లెక్కలో వేసుకున్నారు. మధ్యలోనే పెట్టుబడి అయిపోయి సర్కారు దగ్గర అప్పు తెచ్చుకున్నారు. కాలవలో నీళ్లు పారాయి గానీ, పట్టుకునే రైతు లేడు.

ఎందుకు లేడు? కాలవ వెళ్లే కుందూ నది పరీవాహకంలో ఎక్కువ భాగం నల్లరేగడి. వాన పీల్చుకుంటే నెలల తరబడి పదును దాచుకునే నేల. పుబ్బ, ఉత్తర కార్తెల్లో జొన్న విత్తితే, ఆ పదునుకు చలికాలపు మంచు తోడై పంట గట్టెక్కేది. పత్తి, కొర్ర కూడా అలాంటివే. ఆ నేలకు కాలవ నీళ్లు పెడితే బురదై కాడి కదలదు, వేరు కుళ్లుతుంది, నాలుగేళ్లు వరసగా పెడితే చౌడు పైకి తేలుతుంది. వరి వెయ్యాలంటే మడి చదును చెయ్యాలి, గట్లు పెట్టాలి, ఎరువు, కూలి, జత ఎద్దులు, ఆపైన నీటి తీరువా. వానొచ్చే ఏడు ఇదంతా దండగ. 1876-78 కరువులో నీళ్లకు ఎగబడ్డారు. వాన పడగానే మళ్లీ వదిలేశారు. రైతుకు తన లెక్క తనకుంది. మంచి ఏడు పండిన జొన్నను పాతరలో పోసి, మట్టి కప్పి, రెండు మూడేళ్ల దాకా కదిలించకుండా ఉంచేవాడు. వాన ఎప్పుడొస్తుందో చెప్పలేనప్పుడు రాని ఏటికి సిద్ధపడటమే ఆయన పద్ధతి. గోదావరి ఒండ్రులో పనికొచ్చిన లెక్కను రేగడి మీద పరిచి, కంపెనీ ఆ మనిషిని లెక్కలోంచే తీసేసింది. 1882లో సర్కారే కాలవను కొనేసింది. పడవలు 1933 నాటికి ఆగిపోయాయి.

ఇక్కడొక మెలిక ఉంది. కేసీ కెనాల్ అని పిలిచే ఈ కర్నూలు-కడప కాలవ ఆయకట్టు ఈనాడు 2.65 లక్షల ఎకరాలు. కృష్ణా జలాలు పంచిన బచావత్ ట్రిబ్యునల్ దానికి 39.9 టీఎంసీలు కేటాయించింది. నంద్యాల ప్రాంతపు సోనా బియ్యానికి పేరుంది. కడప వైపు చివరి ఆయకట్టు రైతులు నీళ్లు అందడం లేదని ధర్నాలు చేస్తారు. అంటే కంపెనీ దిక్కు సరిగ్గానే చూసింది, తప్పింది గడువు. వడ్డీ మాత్రం గడువు మీదే నడుస్తుంది. తెలుగుగంగ పథకంలో భాగంగా కందిమల్లాయపల్లె దగ్గరే 17.74 టీఎంసీల జలాశయం కట్టి బ్రహ్మంగారి పేరే పెట్టారు. కట్ట లీకుల వల్ల దాన్నీ చాలా ఏళ్లు నిండా నింపలేకపోయారు.

కరువే వాతావరణ శాస్త్రాన్ని కూడా దీర్ఘకాలపు అంచనాల వైపు నెట్టింది. 1875లో పుట్టిన వాతావరణ శాఖ, హిమాలయాల మంచును చూసి రుతుపవనాన్ని ఊహించే బ్లాన్‌ఫోర్డ్ పద్ధతితో 1886లో మొదటి సీజన్ అంచనా వెలువరించింది. 1904లో పగ్గాలు పట్టిన గిల్బర్ట్ వాకర్, ప్రపంచం నలుమూలల పీడనాల పట్టికలు పెట్టుకుని, పసిఫిక్, హిందూ మహాసముద్రాల మీద గాలి బరువు తూగుటుయ్యాలలా మారుతోందని పట్టుకున్నాడు. ఎల్ నినో చర్చ అంతా ఆ దారిలో వచ్చిందే. మన పంచాంగకర్తలు ఉగాదినాడు వాన ఎన్ని కుంచాలో, అందులో సముద్రానికెంత, కొండలకెంత, భూమికెంతో చదువుతారు. నవ్వే ముందు ఒక్క మాట. 2002లో వాతావరణ శాఖ సగటులో 101 శాతం వాన చెబితే పడింది 81 శాతం. దేశం మొత్తానికి కట్టిన ఆ ఒక్క అంకె నిజమైనా, పడమటి కనుమల వాననీడలో ఉండి ఈశాన్య రుతుపవనం మీద కూడా ఆధారపడే కడపకు అది చెప్పేది తక్కువ. 2009 సంగతి మరీ విచిత్రం. జూన్‌లో 93 శాతం అన్నారు, 78 శాతం దగ్గర ఆగింది, దేశమంతా కరువు. ఆ కరువు సీజన్ ముగిసిన రెండో రోజే, అక్టోబరు 2న, కర్నూలు నగరం తుంగభద్రా హంద్రీల మధ్య మునిగిపోయింది. శ్రీశైలానికి పాతిక లక్షల క్యూసెక్కుల వరద వచ్చిపడింది. డ్యాం కట్టినవాళ్లు ఊహించిన గరిష్ఠం పందొమ్మిది లక్షలు.

ఇక ప్రభుత్వ పత్రం సంగతి. 1999లో చంద్రబాబు నాయుడు ప్రభుత్వం సలహా సంస్థ మెకిన్సీ సాయంతో విజన్ 2020 ప్రకటించింది. కంప్యూటర్ల మీద, హైదరాబాదు మీద వేసిన అంచనా చాలావరకు నిజమైంది. సీమ పిల్లలు ఆ దారిన వెళ్లారు కూడా. కానీ పత్రంలోని రాష్ట్రం 2020 దాకా నిలవలేదు. 2014లో విడిపోయి హైదరాబాదు తెలంగాణకు పోయింది. అలాగే రాజంపేట, రాయచోటి నుంచి ఇళ్లలో పనికి కువైట్ వెళ్లిన ఆడవాళ్ల దారి ఏ పత్రమూ వేసింది కాదు. ఆ పత్రం గురించి రైతుల్నే అడిగిన సందర్భం ఒకటుంది. 2001లో మెదక్ జిల్లా అల్గోలులో ప్రజాతీర్పు పేరుతో చిన్న రైతుల్ని, ఎక్కువగా దళిత మహిళల్ని జ్యూరీగా కూర్చోబెట్టి, మూడు రకాల భవిష్యత్తులు ముందుంచి సాక్షుల్ని ప్రశ్నించనిచ్చారు. వాళ్లు విజన్ 2020 దారిని ఒప్పుకోలేదు, తమ తిండీ విత్తనమూ తమ చేతిలో ఉండే వ్యవసాయం కావాలన్నారు.

అన్నిటికంటే వేగంగా తిరగబడ్డది జనాభా అంచనా. 1994 పంచాయతీరాజ్ చట్టంలో, ఇద్దరికి మించి పిల్లలుంటే స్థానిక ఎన్నికల్లో పోటీకి అనర్హులన్నారు. విజన్ 2020 కూడా జనాభా పెరుగుదల తగ్గడాన్నే కోరుకుంది. ఈలోగా ఆడవాళ్లు తమ నిర్ణయం తాము తీసుకున్నారు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఆంధ్రప్రదేశ్ సంతాన సగటు 1.7. విజన్ 2020 తెచ్చిన చంద్రబాబే ఇప్పుడు ఎక్కువమందిని కనమంటున్నారు. ఇద్దరు పిల్లల నిబంధనను 2024 నవంబరులో అసెంబ్లీ ఎత్తేసింది. ఒక తరం లోపలే ప్రమాదం ఇంకో పక్కకు మారింది.

2024 డిసెంబరు 13న స్వర్ణాంధ్ర 2047 అనే కొత్త దార్శనిక పత్రం వచ్చింది. 2.4 ట్రిలియన్ డాలర్ల ఆర్థిక వ్యవస్థ, తలసరి ఆదాయం 42 వేల డాలర్లు, పది సూత్రాలు. వాటిలో ఒకటి నీటి భద్రత. దాని కిందికే గోదావరి నీళ్లను పోలవరం నుంచి నంద్యాల జిల్లా బనకచెర్లకు తెచ్చే పథకం వచ్చింది. ఏటా 200 టీఎంసీలు, 80 వేల కోట్ల రూపాయలు అన్న అంకెలు చెప్పారు. తెలంగాణ అభ్యంతరం తెలిపింది. 2025 జూన్‌లో కేంద్ర పర్యావరణ శాఖ నిపుణుల కమిటీ ప్రతిపాదనను వెనక్కి పంపింది. వాదోపవాదాలన్నీ వరద నీటి మీద ఎవరి హక్కెంత అన్నదాని చుట్టూ తిరిగాయి. ఆ నీళ్లు ఎకరాకు ఎంత పడతాయి, ఏ నేలకు ఏ పంటకు పెడతారు, రైతు ఎంత తీరువా కట్టగలడు అన్నది పెద్దగా వినబడలేదు.