బ్రేకులు ముందుగా చెప్పెడి మాట

1888వ సంవత్సరము ఆగస్టు నెలలో బెర్తా బెంజ్ అను జర్మన్ వనిత తన యిద్దరు కుమారులతో మాన్‌హైమ్ నుండి ఫార్‌జ్‌హైమ్‌నకు బయలుదేరెను. వాహనము ఆమె భర్త కార్ల్ బెంజ్ నిర్మించిన మూడు చక్రముల మోటారు బండి. దూరము ఇంచుమించు 105 కిలోమీటర్లు. పల్లములలో దిగునపుడు బ్రేకు దిమ్మెలు అరిగి పట్టు తగ్గుచుండుట ఆమె గమనించెను. ప్రమాదము జరుగువరకు ఆగక, దారిలోని గ్రామములో చెప్పులు కుట్టువానిచేత ఆ దిమ్మెలకు తోలు కొట్టించెను. నేటి బ్రేకు లైనింగుకు ఇదియే మొదటి రూపమందురు.

ఈ కథలో మనకొక పాఠము కలదు. బ్రేకులు చాలవరకు చెప్పకుండ చెడవు; ముందుగా ఏదో యొక గురుతు చూపును. దానిని చదువవలెనన్న, బ్రేకు చేయు పని యేమో తెలిసియుండవలెను.

బ్రేకు వేగమును మాయము చేయదు. చలనశక్తిని ఘర్షణచే ఉష్ణముగా మార్చును. 1000 కిలోగ్రాముల కారు గంటకు 72 కిలోమీటర్ల వేగముతో పోవుచున్నప్పుడు దాని చలనశక్తి 2 లక్షల జౌళ్లు. ఒక లీటరు నీటిని దాదాపు 48 సెంటిగ్రేడు డిగ్రీలు వేడెక్కించుటకు అది చాలును. వేగము రెట్టింపైనచో శక్తి నాలుగు రెట్లగును.

1902లో ఫ్రాన్సు దేశీయుడు లూయీ రెనో డ్రమ్ము బ్రేకును రూపొందించెను. ఇందు వేడి డ్రమ్ములోనే నిలిచిపోవును. వేడి మితిమీరినచో లైనింగు పట్టు తగ్గును. కాలిన వాసన, ఎంత త్రొక్కినను బండి చాలినంతగా ఆగకుండుట దీని గురుతులు. అందుచేతనే ఘాట్ రోడ్డు దిగునపుడు చిన్న గేరులో దిగవలెనందురు. అదే 1902లో ఇంగ్లండులో లాంచెస్టర్ డిస్కు బ్రేకుకు పేటెంటు పొందెను. గాలి తగులుటచే డిస్కు త్వరగా చల్లారును. 1953లో ఫ్రాన్సులోని లెమాన్ పందెమున డిస్కు బ్రేకులుగల జాగ్వార్ కారు గెలిచిన పిమ్మట దాని విలువ లోకమునకు తెలిసెను.

నేటి డిస్కు బ్రేకులలో పెక్కింటికి ప్యాడు ప్రక్కన చిన్న లోహపు రేకు ఉండును. ప్యాడు అరిగినపుడు అది డిస్కును తాకి కీచుమనును. ఆ కీచును లెక్కచేయనిచో, తరువాత ఇనుము ఇనుమును కోయుచున్నట్లు గరగర మ్రోత వచ్చును. అప్పటికి ప్యాడు లేనట్లే.

17వ శతాబ్దములో పాస్కల్ చెప్పిన సూత్రము ప్రకారము, మూసియున్న ద్రవముపై కలిగించిన పీడనము అన్ని దిశలకు సమముగా ప్రసరించును. 1921లో వచ్చిన డ్యూసెన్‌బర్గ్ కారులో నాలుగు చక్రముల బ్రేకులును ఈ సూత్రముపై పనిచేసినవి. ద్రవము నొక్కుకొనదు, వాయువు నొక్కుకొనును. కావున గొట్టములలో గాలి చేరినచో పెడలు స్పంజివలె మెత్తబడును. సాధారణ బ్రేకు ద్రవము గాలిలోని తేమను పీల్చుకొనును; అపుడు దాని మరుగు స్థానము తగ్గి, వేడికి ఆవిరి బుడగలు పుట్టవచ్చును. త్రొక్కియుంచిన పెడలు మెల్లగా క్రిందికి దిగుచున్నచో ఎచ్చటనో ద్రవము కారుచున్నదని గాని, లోపలి రబ్బరు వాషరు చెడినదని గాని అనుమానింపవలెను. బ్రేకు వేసినపుడు బండి ఒక ప్రక్కకు లాగినచో రెండు వైపుల పట్టు సమముగా లేదనుట.

తొలుత ద్రవమునకు ఒకటే మార్గము. ఒకచోట కారినచో అన్ని బ్రేకులును పోయెడివి. తరువాత రెండు విడి మార్గములు వచ్చినవి. 1968 నుండి అమెరికాలో క్రొత్త కార్లకు ఇది చట్టమైనది. ఒకటి చెడినను రెండవది కొంతవరకు ఆపును. హాండ్ బ్రేకు వదలిన తరువాతను ఎర్రదీపము వెలుగుచున్నచో బండిని నిలిపి పరీక్ష చేయింపవలెను.

ఉపాధ్యాయులు సూదులు లేని రెండు సిరంజిలను గొట్టముతో కలిపి నీరు నింపి, ఒకదానిని నొక్కించి చూపవచ్చును. పిదప గాలి బుడగ చేర్చి మరల నొక్కించినచో ఆ మెత్తదనమును విద్యార్థి వ్రేలే గుర్తించును. రేపు వాహనము నడుపునపుడు అతని పాదమును దానిని గుర్తించును. బెర్తా బెంజ్ చేసినదంతయు అదియే: గురుతు కనబడగనే ఆగినది.