చమురు తెట్టు సంభావ్యత: ఒక లెక్క చరిత్ర

1969 జనవరి 28న కాలిఫోర్నియాలోని శాంటా బార్బరా తీరానికి ఎదురుగా, యూనియన్ ఆయిల్ సంస్థ తవ్విస్తున్న సముద్రపు బావి అదుపు తప్పింది. ఒలికిన చమురు ఎటు పోతుందన్నదే అంతవరకు సముద్రశాస్త్రం ముందున్న ప్రధానమైన ప్రశ్న. 1970లో అమలులోకి వచ్చిన జాతీయ పర్యావరణ విధాన చట్టం ఆ ప్రశ్నను కాలంలో వెనక్కు జరిపింది. తవ్వకానికి అనుమతి ఇవ్వకముందే ప్రభుత్వం దాని పర్యావరణ పర్యవసానాలను అంచనా వేయవలసి వచ్చింది. ఈ అవసరంలోంచే 1975లో అమెరికా అంతర్గత వ్యవహారాల శాఖ ఒక గణిత నమూనాను రూపొందించింది.

నమూనా పద్ధతి సరళమే. ఉపరితల ప్రవాహాల వేగానికి గాలి వేగంలో సుమారు 3.5 శాతాన్ని జోడించి, ఊహాజనిత తెట్టులను వేల సంఖ్యలో కదిలిస్తారు. వాటిలో ఎన్ని 3, 10, 30 రోజులలోగా ఏ తీరాన్ని తాకుతాయో లెక్కిస్తారు. చమురు ఒలికితే తీరాన్ని తాకే సంభావ్యత ఇది. అసలు ఒలుకుతుందా అన్నది వేరే లెక్క; దానికి ఆధారం సముద్రం కాదు, గత ప్రమాదాల నమోదు. ఈ రెండింటినీ కలిపి ఒకే అంకెగా చెప్పినప్పుడు, పరిశ్రమ గతానుభవానికి కూడా సముద్రశాస్త్రపు ప్రామాణ్యం అబ్బుతుంది. ఈ నమూనాల చరిత్రలో తగినంతగా చర్చకు రాని అంశం ఇదే.

మొదటి లెక్కలోని 'ఒలికితే' అన్న షరతు ఎంత కీలకమో 2010 చూపింది. ఏప్రిల్ 20న మెక్సికో సింధుశాఖలో డీప్‌వాటర్ హొరైజన్ పేలింది. జూలై 2న అమెరికా సముద్ర, వాతావరణ సంస్థ విడుదల చేసిన అంచనా ఫ్లోరిడా కీస్, మయామీ ప్రాంతాలకు 61–80 శాతం సంభావ్యతను సూచించింది. పూర్వపు గాలులు, ప్రవాహాల ఆధారంగా, బావి ఇంకా చాలాకాలం కారుతుందన్న ఊహతో వేసిన లెక్క అది. కానీ లూప్ ప్రవాహం నుంచి ఒక పెద్ద సుడి విడిపోయి దక్షిణానికి దారి మూసింది. జూలై 15న బావికి మూత పడింది. తెట్టు అక్కడికి చేరలేదు. పర్యాటకులు మాత్రం ముందే ప్రయాణాలు రద్దు చేసుకున్నారు. లెక్క తప్పిందనడం సరికాదు. దాని షరతు పాఠకునికి చేరలేదనాలి.

అసలు లోపం మరొక చోట ఉంది. సుమారు 1,500 మీటర్ల లోతున ఉన్న ఆ బావి నుంచి వెలువడిన చమురులో కొంత పైకి రాకుండా, 1,100 మీటర్ల దరిదాపుల్లో మేఘంలా వ్యాపించింది. గాలి తోసే తెట్టును మాత్రమే లెక్కించే నమూనాలో దానికి చోటే లేదు.