గోడలోని తీగె



గత మాఘమాసమున మా యింటి వెనుకటి గదిలో టీవీకొక క్రొత్త పాయింటు పెట్టింపవలసి వచ్చినది. మాది జవహర్‌నగరము. హైదరాబాదునకు ఉత్తరముగా, పూర్వము శామీర్‌పేట మండలములో నుండిన యూరు. ఒకప్పుడు మాజీ సైనికులకు సేద్యమునకై భూములిచ్చిన చోటు; తరువాత పనిపాటలకై వచ్చిన పేదలతో నిండినది. నేను నట్లే వచ్చినవాడను.

మా తల్లిగారికి ఎనుబది యేండ్లు దాటినవి. తుంటి యెముక విరిగినది మొదలు ఆమె ముందరి గదికి రాలేకున్నది. మంచమున కెదురుగా నొక టీవీ యుంచినచో ఆమెకు ప్రొద్దుపోవునని తలచి ఆ మాట చెప్పితిని. ఆమె నవ్వి, “నాకు ఒక్కదానికి బొమ్మలెందుకు బిడ్డా? ఆనాడు ఊరు ఊరంత కూసోని చూసినం” అనెను. ఆ మాట నన్ను చాల దూరము వెనుకకు గొనిపోయినది. నేటి నా ప్రసంగము దాని ఫలమే.

ఆమె చెప్పిన ‘ఆనాడు’ 1975వ సంవత్సరము. మన దేశమున టీవీ ప్రసారములు 1959 సెప్టెంబరు 15న ఢిల్లీలో ప్రారంభమైనవి గాని, అవి చాలకాలము ఆ నగరపు సొత్తుగనే యుండెను. తెలుగు పల్లెకు బొమ్మ పట్టణము మీదుగా రాలేదు. నేరుగా ఆకాశమునుండి వచ్చినది. అమెరికావారి ఏటీఎస్-6 అను ఉపగ్రహమును ఒక యేడాదిపాటు వాడుకొనుటకు మన ప్రభుత్వము ఒప్పందము చేసికొనెను. విక్రమ్ సారాభాయి పూనికతో 1969లో ఆ ఒప్పందము కుదిరినది. దాని ఫలమును చూడకయే ఆయన 1971లో కన్నుమూసిరి. 1975 ఆగస్టు 1 మొదలు 1976 జులై 31 వరకు ఆరు రాష్ట్రములలోని 2,400 గ్రామములకు ఆ ప్రసారములు సాగినవి. ఆ యారింటిలో ఆంధ్రప్రదేశ మొకటి. మా గ్రామము ఆ జాబితాలో నుండుట మా యదృష్టము.

నాకప్పుడు ఏడేండ్లు. బడి ముందర పదియడుగుల వెడల్పున నొక గొడుగును ఆకాశమునకు వెల్లకిల పెట్టిరి. అది కోళ్లగూటికి కట్టు ఇనుప జాలివంటి జాలితో చేసినది. దానిని చూచి మా తాతగారు, ఇందులో ఏ పక్షిని పట్టుదురని యడిగిరి. ఉదయము బడిపిల్లలకు, సాయంకాలము ఊరివారందరికి ప్రసారములు. పైరు తెగుళ్లు, పసిబిడ్డల పోషణ, వార్తలు, నడుమ నడుమ ఆటపాటలు. ఒకే బొమ్మకు రెండు భాషల మాటలను పంపు నేర్పు ఆ ఉపగ్రహమున కుండెను. మాకు తెలుగు వినబడగా, అదే బొమ్మతో కర్ణాటకపు పల్లెలలో కన్నడము వినబడెడిది. పెదవుల కదలిక యొకటి, మాట యొకటియైన వేళల మేము పిల్లలము పడిపడి నవ్వెడివారము.

ఆ పెట్టె యెచ్చటిదో అప్పుడు మాకు తెలియదు. పాతికేండ్ల పిమ్మట బ్రతుకుదెరువునకై జవహర్‌నగరమునకు వచ్చినపుడు తెలిసినది. ఇచ్చటికి దక్షిణముగా కొద్ది మైళ్లలో, కుషాయిగూడ దగ్గర, ఈసీఐఎల్ కర్మాగారమున్నది. అణుశక్తి శాఖ క్రింద 1967లో నెలకొల్పిన సంస్థ యది. పశ్చిమ గోదావరి జిల్లా మోగల్లులో పుట్టిన అయ్యగారి సాంబశివరావుగారు దానిని పెంచి పెద్దచేసిరి. నేడు ఏ.ఎస్. రావు నగరమని మనము బస్సు దిగు చోటు వారి పేరిటిదే. పల్లెలకు పంపిన ఆ టీవీ పెట్టెలను ఆ కర్మాగారమువారే తయారుచేసిరి. నేను బాల్యమున నోరు తెరచి చూచిన పెట్టె, నా నేటి యింటికి నడకదూరమున పుట్టినదన్నమాట!

గడువు తీరగనే ఉపగ్రహమును మరల పడమటి దిక్కునకు జరిపివేసిరి. పెట్టె మూగవోయినది. నేను మరుసటి సాయంకాలమును పోయి దాని ముందు కూర్చుంటినని మా తల్లి నేటికిని చెప్పును.

1977లో హైదరాబాదు దూరదర్శన్ కేంద్రము ప్రారంభమైనది. 1982లో ఆసియా క్రీడల యేట బొమ్మకు రంగులు వచ్చినవి. అప్పటినుండి బొమ్మ ఊరి నడుమనుండి ఇండ్లలోనికి చేరసాగెను. కలవారి మిద్దెలపై చేప వెన్నెముకవంటి యాంటెన్నాలు లేచినవి. కాకి వ్రాలిన బొమ్మ వణకెడిది. ఒకడు మిద్దెపై గొట్టమును త్రిప్పుచు “వచ్చిందా?” అని కేక వేయుట, క్రిందివారు “ఇంక జర!” అని బదులు పలుకుట మీలో పెక్కురకు జ్ఞాపకముండును. అయినను ఒక యింటి టీవీ ముందు పది యిండ్లవారు కూర్చుండిరి.

తరువాత వచ్చినది తీగె. అమెరికాలో 1948 ప్రాంతముననే, కొండలు అడ్డమై ప్రసారములందని ఊళ్లవారు ఎత్తైన చోట ఒక యాంటెన్నాను నిలిపి, అచ్చటినుండి ఇండ్లకు తీగెలు లాగిరి. మన పట్టణములలో ఆ పని వేరు దారిని వచ్చినది. 1980 తరువాత ఎవడో యొకడు వీసీఆరు కొని, సినిమా పెట్టి, మిద్దెమీదుగా చుట్టుప్రక్కల ఇండ్లకు తీగె లాగి, నెలకింతయని వసూలు చేయసాగెను. 1991 జనవరిలో గల్ఫు యుద్ధము వచ్చినపుడు దానిని కనులార చూడవలెనని జనులు తహతహలాడిరి. కేబుల్‌వారు డిష్షులు పెట్టిరి. 1995లో తెలుగున జెమినీ, ఈటీవీ వచ్చినవి. ఆ యేడే కేబుల్ టెలివిజన్ చట్టమును వచ్చినది. కేబుల్ నడుపువాడు ప్రధాన తపాలా కార్యాలయమున పేరు నమోదు చేయించుకొనవలెనను నియమము 2025 ఆరంభము వరకు ఉండెను. ఉత్తరములు పంచు ఆఫీసు బొమ్మల లెక్కయు వ్రాసినది.

ఇక ఆ తీగె సంగతి. దానిని కోసి చూచితిరేని నడుమ రాగి కడ్డీ, దానిచుట్టు తెల్లని నురుగువంటి ప్లాస్టిక్కు, దానిపై రేకును సన్నతీగెల అల్లికయు, అన్నిటిపై నల్లని తొడుగు. ఆంగ్లేయుడైన ఆలివర్ హెవిసైడు 1880లోనే ఇట్టి తీగెకు పేటెంటు పొందెను. అల్లిక కంచెవలె నిలిచి బయటి కలవరమును లోనికి రానీయదు. రాగికిని అల్లికకును నడుమ దూరము అంతటను సమముగ నుండవలెను. తీగెను మడిచితిరా, అచ్చట ఆ దూరము చెడి, సంకేతములో కొంత వెనుకకు తన్నుకొనిపోవును. అల్లికలోని వెండ్రుకంత తీగె రాగిని తాకినను బొమ్మ చెడును.

ఇవన్నియు నాకు ముందు తెలియవు. మొదట వచ్చిన పనివాడు తీగెను కరెంటు తీగెలున్న గొట్టములోనే దూర్చి, మూలలో కాగితమువలె మడిచి, నడుమ చేతితో మెలివేసి టేపు చుట్టిపోయెను. బొమ్మ గళ్లుగళ్లుగా విరిగెను. నేను చదివి తెలిసికొని, వేరు గాడి కొట్టించి, వేరు గొట్టము వేయించి, ముక్కలు లేని ఒకే తీగెను లాగించితిని. రెండు దారుల స్ప్లిట్టరు పెట్టినపుడు ఒక్కొక్క టీవీకి సగముకన్న కొంచెము తక్కువ బలమే చేరును. అదియును గాక డిజిటల్ విధానము వచ్చినది మొదలు (హైదరాబాదునకు 2013 మార్చి 31, పల్లెలకు 2017 మార్చి 31 గడువులు) రెండవ టీవీకి రెండవ బాక్సు కావలెను. నెలకు రెండవ రుసుమును.

మిద్దెపైకిని పోయి స్తంభమునుండి వచ్చు తీగెను పరీక్షించితిని. కారణము కలదు. 2025 ఆగస్టులో, దూరదర్శన్ కేంద్రమున్న ఆ రామంతాపూర్‌లోనే, కృష్ణాష్టమి ఊరేగింపు రథమునకు విద్యుత్తు సోకి ఐదుగురు మరణించిరి. ఆపై నగరమున స్తంభములకు వ్రేలాడు కేబుల్ తీగెలను విద్యుత్ సంస్థవారు కోయించిరి. మనము బొమ్మకై లాగిన తీగెల గుత్తుల క్రింద పిల్లలు నడచుచుండుటను నేను అంతవరకు తలయెత్తి చూడలేదు.

సాకెట్టు బిగించు దినమున మా తల్లి మంచముపైనుండి చేయి చూపి, “ఈ గోడకు వద్దు బిడ్డా, కిటికి ఎదురంగ పెట్టు. అరుగు మీద కూసున్నోళ్లకు గూడ ఆనాలె” అనెను. దానికై నాలుగు గజముల తీగె యెక్కువ పట్టినది. మూలలో నొక వంపును వచ్చినది. ఆ వంపును ఈసారి గుండ్రముగ తిప్పించితిని. ఆ సాయంకాలము కిటికీ బయట మా అరుగుపై వీధిలోని ముసలమ్మలు ముగ్గురు కూర్చుండిరి. వారిలో నొకతె శబ్దము పెంచుమని లోనికి కేక వేసెను.